నలభై దాటితే వణుకు

ముప్ఫై మైళ్ళ దాకా ఆ కారు గోవులాంటిది. ముప్ఫై అయిదు దగ్గర కాస్త విసుక్కుంటుంది. ముల్లు నలభై దాటిందో, స్టీరింగు సింహాద్రి చేతుల్లో గజగజ వణకడం మొదలెడుతుంది. బిగించి పట్టుకున్నకొద్దీ ఆ వణుకు మణికట్టు నుంచి మోచేతికీ, మోచేతి నుంచి భుజానికీ పాకుతుంది. యాభైకి పోనిస్తే తగ్గుతుందేమో అతనికి తెలీదు. యాభైకి పోనివ్వడానికి కోనసీమలో రోడ్డెక్కడ ఉంది గనక.

ఆ శుక్రవారం పొద్దున్న కారు యజమాని మంగరాజు గారికి రాజమండ్రిలో పని ఉంది. సింహాద్రి ముప్ఫై అయిదు దాటనివ్వలేదు. రావులపాలెం రేవుకి చేరేసరికి, బళ్ళనీ కార్లనీ గోదావరి దాటించే పది గంటల పంటు కళ్ళముందే ఒడ్డు వదిలి జొన్నాడ వైపు పోతోంది. రెండో పంటు కోసం ఎండలో కూర్చునే ఓపిక రాజుగారికి లేదు. కారు వెనక్కి తిప్పమన్నారు. సొంతూరు కొత్తపేట శివారు రాబోతుండగా కాలవ పక్కన రెండు మైళ్ళు తిన్నని తారు రోడ్డు వస్తుంది. అక్కడ ఆయన వెనక సీట్లోంచి ముందుకి వంగారు.

"ఏదీ, ఓసారి గట్టిగా తోలు. చూద్దాం."

సింహాద్రి తోలాడు. నలభై రెండు దగ్గర చేతులు రెండూ ఊగిపోయాయి. మంగరాజు గారు స్టీరింగు కేసి చూడలేదు, ఆ చేతుల కేసి చూశారు.

"నీ వయసెంత సింహాద్రీ?"

"యాభై రెండో మూడో ఉంటాయండి."

"చేతులు వణుకుతున్నాయి."

"చేతులు కాదండి. స్టీరింగండి."

"స్టీరింగు పట్టుకుంది చేతులే కదా." ఆయన వెనక్కి వాలి కండువాతో మొహం తుడుచుకున్నారు. "సోమవారం మళ్ళీ వెళ్ళాలి. ఈ లోపల బాగుచేయించు. బాగుపడిందా, సరే. పడలేదనుకో, జబ్బు కారుది కాదని ఇద్దరికీ తెలుస్తుంది. అమ్మిరాజు గారి లారీ తోలే కుర్రాడొకడున్నాడు, అడిగి ఉంచేను. నీకూ విశ్రాంతి కావాలి కదా."

మంగరాజు గారు ఎవర్నీ కసురుకోరు. ఆయన నోటమ్మట 'వెధవ' అన్న మాట విన్నవాళ్ళు ఊళ్ళో లేరు. మెత్తగా మాట్లాడే మనిషితో ఉన్న చిక్కే అది, ఎదురు చెప్పడానికి సందు దొరకదు. సింహాద్రి ఇరవై ఏళ్ళుగా చెబుతున్న మాటే చెప్పాడు.

"ఆయ్."

*

శనివారం ఎండెక్కకముందే కారు బయటికి తీస్తుంటే, రాజుగారి భార్య వీరవేణి గారు అరుగు మీదికి వచ్చారు.

"అబ్రహాము దగ్గరికేనా?"

"ఆయ్, అవునండి."

"ఇనుము మీద ఎంత చెయ్యేసినా ఫర్వాలేదు. సీటు మీద మాత్రం కూర్చోనివ్వకు. స్టీరింగు ముట్టుకోనివ్వకు."

ఇది కొత్త మాటేం కాదు. కారు షెడ్డుకి వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ చెబుతారు, తిరిగి వచ్చాక పసుపు నీళ్ళు చల్లిస్తారు. ఇనుముకి అంటు లేదు, గుడ్డకి ఉంది, అదీ ఆవిడ లెక్క. స్టీరింగు కూడా లోపల ఇనుమే కదా అని సింహాద్రి ఏనాడూ అడగలేదు. దాని మీదున్న నల్ల తొడుగు ఏ లెక్కలోకి వస్తుందో ఆవిడకి తెలిసే ఉంటుంది.

అబ్రహాముది కొత్తపేట శివార్లో తాటాకు షెడ్డు. యుద్ధంలో పటాలం లారీలు బాగుచేసి వచ్చిన మనిషి, నలభై లోపే ఉంటాడు. కారు శబ్దం విని మాలపల్లె వైపు నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. విషయం చెబితే తల ఊపి, ముందు చక్రాల్లో గాలి చూశాడు. జాకీ పెట్టి ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. కిందికి దూరి స్టీరింగు కడ్డీల కీళ్ళు ఒక్కొక్కటే వేళ్ళతో పట్టుకుని లాగి చూశాడు. చక్రం తిప్పి అంచు పక్కన సుద్దముక్క కదలకుండా పట్టుకున్నాడు. చక్రం వంకరపోతే సుద్ద ఒకచోటే గీసుకోవాలి. చుట్టూ సమంగానే గీత పడింది.

"మొదట ఏ చేతికి తెలుస్తుందండి?" అని అడిగాడు, కిందే చతికిలబడి.

ఆ ప్రశ్న సింహాద్రిని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "ఎడం చేతికి."

"బ్రేకు తొక్కితే ఎక్కువవుతుందా అండి?"

"లేదు. ముప్ఫై అయిదుకి దిగేదాకా అలాగే ఉంటుంది, తరవాత పోతుంది."

"నడుముకి తెలుస్తుందా, చేతులకేనా?"

"చేతులకే."

"అయితే ఎడం పక్క ముందు చక్రమండి. వెనకదైతే నడుముకి తెలిసేది." అబ్రహాము లేచి నించున్నాడు. "నన్నొక్క మైలు తోలనిస్తే ఎలాటి వణుకో చెప్పేస్తానండి."

సింహాద్రి కాలవ కేసి చూశాడు. వేసవికి నీళ్ళు కట్టేశారు, అడుగున బురద నెర్రెలిచ్చి ఉంది. "నీకు తెలియనిదేముంది," అన్నాడు.

"తెలుసండి. అడగడం నా వంతని అడిగేను. అంటరానితనం లేదని ఢిల్లీలో రాసేసేరంటండి. అది కొత్తపేట రావాలంటే పంటు దాటాలి కదండి."

ఇద్దరూ నవ్వారు. సింహాద్రి నవ్వు ముందు ఆగిపోయింది.

అబ్రహాము చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పి వదిలేశాడు. అది ఇటూ అటూ ఊగి ఆగింది. కిందున్న చోట సుద్దతో గుర్తు పెట్టాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆ గుర్తే కిందికి వచ్చి ఆగింది. నాలుగోసారీ అంతే.

"ఈ చోట ఏదో బరువుందండి."

ఆ బరువేమిటో సింహాద్రికి తెలుసు. కార్తీకమాసంలో ఆత్రేయపురం దగ్గర తాటిమొద్దు కోసుకుని ఆ టైరు లోపలివైపు చీలింది. కొత్త టైరు దొరకదు. పాత లారీ టైరు ముక్క కోసి, రెండు మడతలేసి, చీలిక మీద లోపల అతికి, గాలి కొట్టించి, "మరో ఏడాది చింత లేదండి" అని రాజుగారి ముందు మీసం దువ్వింది తనే. ఆ తరవాత బురద రోడ్ల మీద ఇరవై దాటింది లేదు. రోడ్లు ఆరి వేగం పెరిగాకే వణుకు బయటపడింది.

టైరు ఊడదీసి అబ్రహాము లోపల చెయ్యి పెట్టాడు. అరచెయ్యంత అతుకు, బొటనవేలంత మందం.

"గట్టి పనండి. ఎవరు పెట్టేరో గానీ."

సింహాద్రి టైరు తన వైపు తిప్పుకున్నాడు. "నేనే."

అబ్రహాము నవ్వలేదు. అందుకు సింహాద్రి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. తప్పు తన చేతులదే, వణుకు మాత్రం వాటిది కాదు. ఆ తేడా రాజుగారికి ఎవరు చెప్పాలి?

"తీస్తే టైరు పగిలిపోద్దండి. ఉండనివ్వాల్సిందే. దీనికి ఎదురుగా బరువు కడదాం," అన్నాడు అబ్రహాము. ఇంటికి వెళ్ళి చేపల వలకుండే సీసపు గుళ్ళు గుప్పెడు తెచ్చాడు. గుళ్ళు పీకిన వల పట్టుకుని అతని భార్య చిన్నమ్మలు గుమ్మంలో నించుని, ఈ ఆదివారం పులుసు కారుకే పొయ్యండి అంది. చక్రం రేకుకి అంచున కంతలున్నాయి. సీసాన్ని సుత్తితో సాగగొట్టి, ఇనప తీగతో ఆ కంతల్లోంచి బయటివైపు బిగించి కట్టాడు. ఇప్పుడు చక్రం ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతోంది.

"చూసి రండి."

తిన్నని రోడ్డు మీద సింహాద్రి నాలుగుసార్లు పోనిచ్చాడు. అబ్రహాము మైలురాయి పక్కన గొంతుక్కూర్చుని, కారు తనని దాటే క్షణంలో చక్రం కేసి కన్నార్పకుండా చూశాడు. దుమ్ము కళ్ళల్లో పడితే కండువాతో తుడుచుకుని మళ్ళీ చూశాడు. కారుతో పాటు వెళ్ళాల్సిన మనిషి రోడ్డు పక్కన కూర్చుని కారు పోవడం చూస్తున్నాడు. సింహాద్రికి ఆ పని సిగ్గుగా అనిపించింది. అనిపించినా కారాపి తలుపు తియ్యలేదు.

"తగ్గింది. పూర్తిగా పోలేదు," అన్నాడు నాలుగోసారి.

"మిగిలింది ఎలా ఉందండి? చక్రం ఎగురుతున్నట్టుందా, పక్కలకి మెలి తిరుగుతున్నట్టుందా?"

సింహాద్రి చెప్పబోయి ఆగాడు. కారు ఆగి అయిదు నిమిషాలైంది. అరచేతుల్లో ఇంకా ఝుమ్మంటూనే ఉంది.

"తెలీడం లేదు అబ్రహామూ."

చిన్నమ్మలు చెంబుతో మంచినీళ్ళు తెచ్చి, ఇవ్వాలో వద్దో తెలియక అక్కడే నించుంది. అతనే అందుకున్నాడు. తాగబోతూ చెంబులోకి చూశాడు. నీళ్ళు కదులుతున్నాయి.

*

ఆదివారం పొద్దున్న సింహాద్రి చల్దన్నం ముందు కూర్చుని కుడిచెయ్యి చాచి చూసుకున్నాడు. వేళ్ళు వణికినట్టే ఉన్నాయి. చూస్తున్నందుకు వణికాయో, చూడకపోయినా వణికేవో. ఎడంచెయ్యి చాచాడు. అదీ అంతే. ఇరవై ఏళ్ళు స్టీరింగు పట్టిన చేతులు, రాజుగారి అమ్మాయిని పెళ్ళికూతురుగా, పంటెక్కడానికి వేసే బల్లల మీదుగా ఒక్క కుదుపు లేకుండా దాటించిన చేతులు. ఇప్పుడు వాటి మాట తనే నమ్మలేకపోతున్నాడు. ఎదటివాడు అన్న మాట నిజం కాదని రుజువు చెయ్యొచ్చు. తనకే అనుమానం వచ్చాక మనిషి ఎవరితో పోట్లాడతాడు?

"పాక కూడా ఖాళీ చెయ్యమంటారా?" అంది భార్య నూకాలమ్మ, ఉల్లిపాయ చితక్కొడుతూ. పాక రాజుగారి దొడ్లోది.

"అనలేదు."

"అనరు. మర్యాదస్థులు కదా. మనకే తెలియాలి." ఉల్లిపాయ అతని ఆకులో వేసింది. "తిను ముందు. చేతుల్లో సత్తువ లేక వణుకుతున్నాయేమో."

ఆవిడ నవ్వించాలనే అంది. అతను నాలుగు ముద్దలు తిని లేచాడు.

అబ్రహాము చర్చి నుంచి తెల్లటి పంచె, చొక్కాతో వచ్చేసరికి షెడ్డు ముందు కారుంది. సింహాద్రి డ్రైవరు సీట్లో లేడు. అవతలి పక్క తలుపుకి ఆనుకుని నించున్నాడు.

"నువ్వు తోలు," అన్నాడు.

అబ్రహాము మెడలో కండువా తీసి మళ్ళీ వేసుకున్నాడు. "ఎవరన్నా చూస్తారండి."

"చూస్తారు."

"మీ పనికే మోసం వస్తుందండి. చేతులో స్టీరింగో రేపు ఎలాగూ తేలుతుంది కదండి."

"రేపు తేలేది రాజుగారికి. నాకు తేలాలి." సింహాద్రి తాళం అబ్రహాము చేతిలో పెట్టాడు. "నా చేతులు నిజంగా పోతే ఈ రోజే తాళం ఇచ్చేస్తాను. ఆ పంటు బల్లల మీద ఎవరి ప్రాణమన్నా తీస్తే ఎవరిది పాపం? ఎక్కు."

అబ్రహాము సీటు మీద తన కండువా పరవబోయాడు.

"తియ్యి. నడుముకి తెలుస్తుందా అని నువ్వే అడిగితివి. గుడ్డ అడ్డమెందుకు?"

అతను కూర్చున్నాడు. స్టీరింగు మీద చేతులు వెయ్యడానికి ముందు రెండు అరచేతులూ తెల్లపంచెకి తుడుచుకున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

కొబ్బరికాయల బండి ఒకటి ఎదురైంది. బండివాడు కారులో రాజుగారుంటారని లేచి నించున్నాడు. డ్రైవరు సీట్లో మనిషిని చూసి అలాగే నించుండిపోయాడు. సింహాద్రి అటు చూడలేదు. అతని చూపంతా అబ్రహాము చేతుల మీదే ఉంది. ముప్ఫై. ముప్ఫై ఎనిమిది. నలభై. నలభై రెండు దగ్గర ఎడంచెయ్యి బొటనవేలు ముందు అదిరింది. తరవాత మణికట్టు. తరవాత రెండు చేతులూ కనిపించేలా వణికాయి. గట్టి చేతులు, ఇంజను ఎత్తే చేతులు.

సింహాద్రికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకొకడి చేతులు వణుకుతుంటే తనకింత సంతోషం కలుగుతుందని అతను ఎన్నడూ అనుకోలేదు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"ఎగరడం పోయిందండి," అంటున్నాడు అబ్రహాము, చెవి పక్కకి వాల్చి, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "మెలి మిగిలింది. సీసమంతా బయటివైపే కట్టేనండి. మీ అతుకు లోపలివైపుంది. ఆ సీసంలో సగం లోపలికి మార్చాలి. జాకీ మీద తిప్పితే ఈ తేడా తెలీదండి, రోడ్డు పక్కన కూర్చుంటే కనిపించదు. చేతికే తెలియాలి."

రోడ్డు పక్కనే చక్రం ఊడదీశారు. తెల్లచొక్కాకి మసి అంటుకుంది, అతను చూసుకోలేదు. సగం సీసం విప్పి రేకు లోపలివైపు బిగించాడు. మళ్ళీ పోనిచ్చాడు. నలభై. నలభై రెండు. నలభై అయిదు. స్టీరింగు మీద నాలుగు వేళ్ళు ఎత్తేసి బొటనవేలు ఒక్కటీ ఆనించాడు. కారు చెరువులో పడవలా పోతోంది. చూడాల్సింది చూడటం అయిపోయింది. అయినా అబ్రహాము ఇంకో అరమైలు పోనిచ్చాడు. సింహాద్రి ఆపమనలేదు.

దిగేటప్పుడు సీటు మీద చేత్తో దులిపాడు. "మీరే తోలి చూసేనని చెప్పండి. నేను కింద కూర్చుని తీగ కట్టేనని చెప్పండి. అది అబద్ధం కూడా కాదండి."

"ఆయ్," అన్నాడు సింహాద్రి. అబ్రహాముతో ఆ మాట అనడం అదే మొదటిసారని ఇంటికి వెళ్ళాక గుర్తొచ్చింది.

*

సోమవారం కారు కదిలే ముందు వీరవేణి గారు దిష్టి తీయించి, గుమ్మడికాయ పగలగొట్టించారు. మంగరాజు గారు వెనక తలుపు తియ్యకుండా ముందుకొచ్చి కూర్చున్నారు. చేతులు దగ్గర్నుంచి చూడాలి కదా.

తిన్నని రోడ్డు వచ్చింది. ఆయన ఏమీ అనకముందే సింహాద్రి ముల్లుని నలభై అయిదుకి తీసుకెళ్ళాడు. రాజుగారు చూశారు. కళ్ళజోడు పెట్టుకుని చూశారు. చివరికి నమ్మలేక కుడిచెయ్యి చాచి, సింహాద్రి చేతి పక్కనే స్టీరింగు మీద వేశారు. అలా కాసేపు ఉంచారు.

"బాగుంది," అన్నారు. "ఏమీ లేదు. నీ చేతులకేం, ఇంకో పదేళ్ళు తోలతావు. ఆ లారీ కుర్రాణ్ణి వద్దని కబురు పంపుతాను."

సింహాద్రి గుండె మీంచి బస్తా దించినట్టయింది. పాక, పని, పరువు, అన్నీ ఆ ఒక్క మాటతో తిరిగొచ్చాయి.

"దిష్టే సింహాద్రీ. ఆవిడ మొదట్నుంచీ చెబుతూనే ఉంది. గుమ్మడికాయ పగిలింది, వణుకు పోయింది. ఆ అబ్రహాము రెండు రోజులు తిప్పించుకుని ఏం కనిపెట్టేడు? బయట నించుని చూసేవాడికి ఏం తెలుస్తుంది? అతను ముట్టుకున్నాకే కారుకి ఈ జబ్బొచ్చిందని కూడా అంటోంది ఆవిడ. ఇక నుంచి ఆ షెడ్డుకి తీసుకెళ్ళకు. నలుగురికీ చెబుతాను కూడా."

ఇక్కడ సింహాద్రి చెయ్యాల్సింది ఆయ్ అనడం. ఇరవై ఏళ్ళలో ఆ సీట్లో అతను మాట్లాడిన మాటల్లో సగం అదే. నాలిక మీదికి వచ్చింది కూడా. రాజుగారి చెయ్యి ఇంకా స్టీరింగు మీదే ఉంది, నిన్న అబ్రహాము బొటనవేలు ఆనించిన చోటే. తెల్లచొక్కా మీద మసి గుర్తొచ్చింది. పంచెకి తుడుచుకున్న శుభ్రమైన చేతులు గుర్తొచ్చాయి. ఒక మనిషిని బయట నించోబెట్టి, బయట నించున్నాడు గనక పనికిమాలినవాడంటే, దానికి ఆయ్ అనడానికి అతనికి నోరు రాలేదు.

"దిష్టి కాదండి," అన్నాడు. "కార్తీకంలో టైరుకి నేను పెట్టిన అతుకండి. తప్పు నాదండి. అబ్రహాము కనిపెట్టి బాగుచేసేడు. బయట నించుని కాదండి. నిన్న ఈ సీట్లో కూర్చుని, ఈ రోడ్డు మీద తనే తోలి చూసేడండి. నేనే ఎక్కమన్నాను."

ఒక పక్క ఎండిపోయిన కాలవ, ఒక పక్క కొబ్బరితోటలు వెనక్కి పోతున్నాయి.

"ఇప్పుడు తమరు చెయ్యేసిన చోటే తనూ చెయ్యేసేడండి."

మంగరాజు గారు చెయ్యి తీశారు. తీశాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తోచలేదు. పంచె మీద పెట్టబోయి ఆగారు. కండువా దాకా తీసుకెళ్ళి ఆగారు. ఆఖరికి మోకాలికి పైన, గాలిలో, వేళ్ళు విడదీసి అలాగే పట్టుకుని కూర్చున్నారు. సింహాద్రి ఓరగా చూశాడు. ముల్లు నలభై అయిదు మీద ఉంది. స్టీరింగు కదలడం లేదు. రాజుగారి చెయ్యి వణుకుతోంది.

రేవుకి చేరేసరికి పంటు ఒడ్డునే ఉంది. ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా నీళ్ళ దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కున్నారు, రెండుసార్లు కడుక్కున్నారు. తిరిగి వచ్చి ముందు తలుపు దగ్గర ఒక్క క్షణం నించుని, వెనక సీట్లో కూర్చున్నారు. ఆయనకి కారు తోలడం రాదు.

"రాజమండ్రి నుంచి వచ్చేక తాళం అరుగు మీద పెట్టేసి వెళ్ళు," అన్నారు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "పాకకి తొందరేం లేదు. నెలాఖరు దాకా ఉండచ్చు."

"ఆయ్."

పంటు మీదికి రెండు బల్లలు వేశారు. ఒక్కొక్కటి జానెడున్నర వెడల్పు. కింద గోదావరి పల్చగా పారుతోంది. పంటు నడిపే సరంగు మంగలి కత్తి మీద నడిపిస్తున్నట్టు చేతులు చాచి, కుడికి, కొంచెం కుడికి అంటూ వెనక్కి నడుస్తున్నాడు. సింహాద్రికి ఆ మాటలు అక్కర్లేదు. రెండు పక్కల చక్రాలూ వాటి వాటి బల్లకి నడిమధ్యన ఎక్కి, చప్పుడు లేకుండా పంటు మీదికి దిగాయి.

"ఎంత కుదురైన చెయ్యండీ బాబూ," అన్నాడు సరంగు. "బల్ల కదల్లేదు."

సింహాద్రికి ఒళ్ళంతా అలసటగా ఉంది. ఇంజను ఆపి, తాళం తీసి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తాళం కదలడం లేదు.